తొంభై ఏళ్లనాటి నలుపు తెలుపు దెయ్యాలు, శనివారం రాత్రి టోపీ మనిషి: ఇందులో ఏముంది?

నేపర్‌విల్_నాగమణి

మా నాన్నగారు తెనాలి నుంచి అమెరికాలో మా ఇంటికి, షికాగో పక్కనున్న నేపర్‌విల్‌కు, వచ్చి నాలుగు నెలలైంది. శనివారం సాయంత్రం ఏడు కావస్తోందంటే భోజనం ముగించి, కుర్చీ టీవీ ముందుకు జరుపుకుని, మీ టీవీ అనే ఛానల్ పెట్టించుకుని, రెండున్నర గంటల సేపు కదలరు. అందులో స్వెన్‌గూలీ అనే పెద్దమనిషి ముఖానికి పుర్రెలా రంగు పూసుకుని, నెత్తిన పొడవాటి నల్ల టోపీతో శవపేటికలోంచి లేచి వచ్చి, పాత నలుపు తెలుపు భయానక చిత్రం ఒకటి వేస్తారు. మధ్యమధ్యలో సినిమా ఆపి జోకులు చెబుతారు. జోకు పేలకపోతే, అంటే దాదాపు ప్రతిసారీ, తెర పక్క నుంచి ఆయన మీద రబ్బరు కోళ్లు వచ్చి పడతాయి.

ఒక వారం 1931 నాటి డ్రాక్యులా వేస్తే నేనూ కూర్చున్నాను. నాకు ఒక్క క్షణమైనా భయం వేయలేదు. గబ్బిలాన్ని దారం కట్టి ఆడిస్తున్నారని మా ఏడేళ్ల అమ్మాయి కూడా పట్టేసింది. అయినా ఎనభై దాటిన నాన్నగారూ, పద్నాలుగేళ్ల మా అబ్బాయీ పక్కపక్కన కూర్చుని కళ్లప్పగించి చూశారు. భయపెట్టని భయానక చిత్రాన్నీ, నవ్వు రాని హాస్యాన్నీ కలిపి వడ్డిస్తే ఇన్ని దశాబ్దాలుగా జనం ఎందుకు చూస్తున్నారో ఎవరైనా విడమరిచి చెప్పగలరా?

బందరు_బాబు

తెనాలిలో మా టీవీ, నేపర్‌విల్‌లో మీ టీవీ. నాన్నగారికి పెద్ద తేడా తెలిసి ఉండదు.

సందేహాల_సావిత్రి

ఇందులో విడమరచడానికి ఏమీ లేదు. ఇదంతా చిన్ననాటి జ్ఞాపకాల మీద మమకారం. మనం వంట చేసుకుంటూ పాత పాటలు వింటాం, అమెరికా వాళ్లు చిన్నప్పుడు దుప్పటి ముసుగులోంచి చూసిన సినిమాలు మళ్లీ చూసుకుంటారు.

నేపర్‌విల్_నాగమణి

సావిత్రి గారూ, ఆ మాట మా ఇంట్లో నిలవదు. నాన్నగారు చిన్నప్పుడు తెనాలిలో చూసినవి జానపదాలూ పౌరాణికాలే. డ్రాక్యులా వేషం వేసిన బేలా లుగోసీ పేరు ఇక్కడికి వచ్చాకే విన్నారు. మా అబ్బాయి పుట్టింది 2011లో. ఇద్దరికీ లేని జ్ఞాపకం మీద మమకారం ఎక్కడి నుంచి వస్తుంది?

పాతరీలు

సగం జవాబు జమాఖర్చుల పుస్తకంలో ఉంది. ఈ చిత్రాలు 1930లు, 40లలో థియేటర్లలో ఆడి, ఆ తరువాత డబ్బాల్లోకి చేరాయి. 1957లో స్క్రీన్ జెమ్స్ అనే సంస్థ యూనివర్సల్ స్టూడియో వారి పాత చిత్రాలను 52 ఏరి, ఒక కట్టగా కట్టి, దానికి షాక్ అని పేరు పెట్టి, అమెరికా అంతటా ఉన్న స్థానిక టీవీ కేంద్రాలకు అద్దెకిచ్చింది. డ్రాక్యులా, ఫ్రాంకెన్‌స్టైన్, మమ్మీ, 1941 నాటి తోడేలు మనిషి కథ, అన్నీ అందులోవే. మరుసటి ఏడాది ఇంకో కట్ట వచ్చింది. వీటిలో చాలా చిత్రాలు చాలా పొట్టివి. డ్రాక్యులా 75 నిమిషాలు, ఫ్రాంకెన్‌స్టైన్ 70. ప్రకటనలు ఎన్ని వేసినా కేటాయించిన సమయం నిండదు. అందుకని టీవీ కేంద్రాల వాళ్లు తమ దగ్గర అప్పటికే జీతానికి ఉన్న అనౌన్సరునో, వాతావరణం చెప్పే మనిషినో పిలిచి, ముఖానికి రంగు పూసి, ఒక అట్ట శవపేటిక పక్కన నిలబెట్టారు. అలా ఊరికొక దెయ్యం తయారైంది.

ఫిలడెల్ఫియాలో జాన్ జాకర్లీ రోలండ్ అనే పేరుతో 1957లో మొదలుపెట్టి, మరుసటి ఏడాది న్యూయార్క్ చేరారు. సినిమా నడుస్తుండగానే మధ్యలో తన బొమ్మను అతికించి, ఆ సన్నివేశంలో తానూ ఒక పాత్ర అయినట్లు చూపించేవారు. టీవీ కేంద్రం చూడటానికి రమ్మని అభిమానులను ఒకసారి పిలిస్తే, అనుకున్నదానికి ఎన్నో రెట్లు జనం వచ్చి వీధి నిండిపోయింది. ఆయన 98 ఏళ్లు బతికి 2016లో పోయారు. శవపేటిక పక్కన నిలబడి సంపాదించుకున్న ఆయుష్షు అనుకోవచ్చు.

అడ్డొస్తే_ఊరుకోను

పాతరీలు గారు చెప్పిన చరిత్ర బాగానే ఉంది. కానీ దాన్ని బట్టి తేలేది ఈ వ్యాఖ్యాతలు ఖాళీ పూరించడానికి వచ్చిన వాళ్లనే. ఖాళీ పూరించే మట్టిని మనం గోడ అనుకుని పొగుడుతున్నాం. కార్ల్ ఫ్రాయిండ్ లాంటి ఛాయాగ్రాహకుడు లుగోసీ కళ్ల మీద మాత్రమే సన్నని వెలుగు పడేలా ఎంతో శ్రమపడితే, ఆ చూపు మన మనసులో దిగేలోపు ఒకాయన వచ్చి రబ్బరు కోడి దెబ్బలు తింటాడు. ఈ చిత్రాలు చీకటి గదిలో, ఒంటరిగా, ఆపకుండా చూడవలసినవి. మిగతాదంతా సంత.

క్లీవ్‌లాండ్_డాక్టరు

ఒంటరిగా చూడాలన్న మాట చదివాక ఊరుకోలేక రాస్తున్నాను. నేను 1974లో గుంటూరులో చదువు ముగించి, క్లీవ్‌లాండ్‌లో ఒక ఆసుపత్రిలో రెసిడెంటుగా చేరాను. ఆసుపత్రి వెనకాలే ఒంటి గది, అందులో ఒక మంచం, ముందున్నవాళ్లు వదిలి వెళ్లిన చిన్న టీవీ. శుక్రవారం డ్యూటీ ముగించుకుని, మంచు దులుపుకుని గదికి వచ్చేసరికి రాత్రి పదకొండు దాటేది. ఊరికి ఫోను చేయాలంటే కాల్ బుక్ చేసి కాచుకోవాలి, చేతిలో డబ్బూ ఉండాలి. ఆ వేళకు మేలుకుని నాతో మాట్లాడేవాళ్లు హూలిహన్, బిగ్ చక్ అనే ఇద్దరు మనుషులు మాత్రమే, అదీ టీవీలోంచి. ఏదో నాసిరకం రాక్షసుడి సినిమా వేసి, మధ్యలో ఆపి, వాళ్లలో వాళ్లు వేళాకోళం చేసుకునేవారు.

వాళ్ల జోకులు మొదట్లో నాకు ఒక్కటీ అర్థం కాలేదు. పార్మా అనే శివారు పేరు ఎత్తగానే మా వార్డులో నర్సులంతా ఎందుకు నవ్వుతారో తెలియడానికి ఆరు నెలలు పట్టింది. ఆ వెటకారాన్ని ఆ ఊళ్లో మొదలుపెట్టింది వాళ్ల కంటే ముందు అదే సమయానికి వచ్చిన గూలార్డీ అని నర్సులే చెప్పారు. అసలు పేరు ఎర్నీ ఆండర్సన్. 1963 నుంచి 66 వరకూ పెట్టుడు గడ్డం, తెల్ల కోటు, ఒక అద్దం ఊడిన నల్ల కళ్లజోడుతో వచ్చి, తాను వేస్తున్న సినిమానే తిట్టిపోసేవాడట, కెమెరా ముందే టపాకాయలు పేల్చేవాడట. ఆయన మానేసి ఎనిమిదేళ్లయినా నర్సులు ఆయన మాటలు అనుకరిస్తూనే ఉండేవారు. ఒక రోజు నేను కూడా పార్మా మీద ఒక జోకు వేశాను. వార్డంతా నవ్వింది. ఆ రోజు నుంచి నేను ఆ ఊరివాణ్ని. సినిమాలు ఏవో ఇప్పుడు గుర్తు లేవు, ఆ నవ్వు గుర్తుంది.

బందరు_బాబు

స్వెన్‌గూలీకి కూడా ఇలాంటి ఊరు ఒకటుంది, దాని పేరు బెర్విన్. ఆ పేరు పలకగానే ప్రేక్షకులు కూడా గొంతు కలుపుతారు. పుర్రె ముఖం ఎవరిదైనా, ఎగతాళికి పక్క ఊరు ఒకటి కావాలి. మచిలీపట్నం వాణ్ని, ఈ బాధ నాకు తెలుసు.

సందేహాల_సావిత్రి

డాక్టరు గారి అనుభవం మనసుకు తగిలింది. కానీ అది వ్యాఖ్యాత గొప్పతనమే తప్ప సినిమా గొప్పతనం కాదు కదా. ఆయన స్థానంలో వంటల కార్యక్రమం వచ్చినా ఒంటరితనం తీరేదే.

మసకవెలుతురు

తీరేది కాదేమోనని నా అనుమానం. వంట చూస్తూ మనం పక్కనున్న మనిషి చెయ్యి పట్టుకోం. సరే, ఆ సంగతి అలా ఉంచి సినిమా వైపు వస్తాను, ఎందుకంటే ఇంతవరకూ నలుపు తెలుపు గురించి ఎవరూ మాట్లాడలేదు.

రంగు లేకపోవడాన్ని మనం ఒక లోటుగా లెక్కవేస్తున్నాం, ఆ కాలపు పనివాళ్లకు మాత్రం అది చేతిలో ఉన్న పరికరం. 1931 నాటి జెకిల్, హైడ్ చిత్రాన్నే తీసుకోండి. మంచి డాక్టరు జెకిల్ దుర్మార్గుడు హైడ్‌గా మారే చోట, ఆ వేషం వేసిన ఫ్రెడ్రిక్ మార్చ్ అద్దం ముందు నిలబడి ఉండగా, కోత లేకుండా, అతుకు లేకుండా, మన కళ్ల ముందే ముఖం నల్లబడి, గీతలు తేలి, వికృతమవుతుంది. చేసింది ఏమిటంటే, ముఖం మీద మారే భాగాలను ముందుగానే ఒక రంగుతో దిద్ది ఉంచారు. కెమెరా ముందు అదే రంగు అద్దం, అంటే ఫిల్టరు, పెడితే ఆ గీతలు కనిపించవు. ఆ అద్దాన్ని మెల్లగా జరిపి వేరే రంగు అద్దం తెస్తే, దాగి ఉన్న గీతలన్నీ నల్లగా పైకి వస్తాయి. రంగుల ఫిల్ములో ఈ పని చేస్తే అద్దం మారడం ప్రేక్షకుడికి ముందే తెలిసిపోతుంది. నలుపు తెలుపు ఫిల్ముకు రంగు తెలియదు కాబట్టే ఆ మోసం నడిచింది. 1933 నాటి అదృశ్య మనిషి చిత్రంలో కూడా అంతే. నల్ల మఖ్‌మల్ తెర ముందు నటుడికి నల్ల మఖ్‌మల్ తొడుగు తొడిగి, దాని మీద చొక్కా వేస్తే, చొక్కా ఒక్కటే గాలిలో నడుస్తుంది. ఫ్రాంకెన్‌స్టైన్ సృష్టించిన జీవికి మేకప్ మనిషి జాక్ పియర్స్ ఆకుపచ్చ కలిసిన పూత పూశాడు, తెర మీద అది శవం చర్మంలా పాలిపోయి కనిపించడానికి. సెట్లో ఆ వేషం వేసిన బోరిస్ కార్లాఫ్‌ను చూసినవాళ్లకు పచ్చిమిరపకాయ గుర్తొచ్చి ఉండాలి.

రక్తం సంగతి చెప్పనే లేదు. హిచ్‌కాక్ 1960లో సైకో చిత్రంలో స్నానాల గదిలో పారించింది చాక్లెట్ పాకం. 1968 నాటి శవాల రాత్రి చిత్రంలో కూడా అదే వాడారు. రంగులో అయితే అది ఐస్‌క్రీం దుకాణం అయ్యేది.

నేపర్‌విల్_నాగమణి

మసకవెలుతురు గారి టపాను మా అబ్బాయికి తెలుగులో చదివి వినిపించాను. వాడు ఆ జెకిల్ సన్నివేశం వెతికి పదకొండు సార్లు చూశాడు. నాన్నగారు మాత్రం ఒక్కసారి చూసి, మేకప్ మనిషికి ఎంత ఇచ్చారో అని అడిగారు.

నేను కూడా ఆయన్ని ఒక మాట అడిగాను. నా భర్త పెట్టే కొత్త ఇంగ్లీషు సిరీస్‌ల ముందు పది నిమిషాలు కూడా కూర్చోని మీరు ఇవి ఎలా చూస్తున్నారని. ఆయన చెప్పిన జవాబు నేను ఊహించనిది. కొత్త వాటిలో మాటలు గొణుగుతారట, వాక్యం ముగిసేలోపు ఇంకొకరు మాట్లాడతారట. ఈ పాత వాటిలో మాత్రం నాటకంలో పద్యం చెప్పినట్లు ఒక్కొక్క మాట నిలబెట్టి పలుకుతారట. నిజమే, లుగోసీ ఒక వాక్యం చెప్పే లోపు నేను కాఫీ కలుపుకుని రాగలను. ఆయనా రంగస్థలం నుంచి వచ్చినవాడే, ఇంగ్లీషు ఆయనకూ పరాయి భాషే. నలభై ఏళ్లు లెక్కల మాస్టారుగా పనిచేసిన నాన్నగారికి ఇక్కడ పూర్తిగా అర్థమైన మొదటి ఇంగ్లీషు మనిషి హంగేరీ నుంచి వచ్చిన రక్తపిశాచి.

బందరు_బాబు

ఆ పిశాచి కోటలో ఆర్మడిల్లోలు తిరుగుతాయి, నాన్నగారు గమనించారో లేదో అడగండి. ఐరోపా కొండల్లోని పాడుబడ్డ కోటలోకి అమెరికా జంతువు ఎలా వచ్చిందో తొంభై ఏళ్లుగా ఎవరూ చెప్పలేదు. లెక్కల మాస్టారు గారైనా తేలుస్తారేమో.

అడ్డొస్తే_ఊరుకోను

నేను ముందు చెప్పిన మాటకే ఇప్పుడు బలం చేకూరింది. మసకవెలుతురు గారు చెప్పిన పనితనం అంతా చిత్రంలో ఉంది, వ్యాఖ్యాతలో లేదు. నాగమణి గారి నాన్నగారికి నచ్చింది కూడా లుగోసీ గొంతు. రబ్బరు కోడి లేకపోయినా ఆయన చూసేవారు.

పాతరీలు

మీరు శుద్ధమైన చిత్రం అంటున్న దానిలోనే వ్యాఖ్యాత ఉన్నాడు, గమనించారా? 1931 నాటి ఫ్రాంకెన్‌స్టైన్ ఎలా మొదలవుతుంది? పేర్లు కూడా పడకముందే తెర పక్క నుంచి ఎడ్వర్డ్ వాన్ స్లోన్ అనే నటుడు సూటు వేసుకుని వచ్చి, ఇది మిమ్మల్ని భయపెట్టవచ్చు, గుండె దిటవు లేనివాళ్లు ఇప్పుడే ఆలోచించుకోండి అన్న ధోరణిలో ప్రేక్షకులను హెచ్చరించి వెళ్తాడు. డ్రాక్యులాకు కూడా చివర అదే నటుడు వచ్చి మాట్లాడే ముక్క ఉండేది, 1936లో మళ్లీ విడుదల చేసినప్పుడు దాన్ని తీసేశారు. జాకర్లీ, గూలార్డీ కొత్తగా దూరినవాళ్లు కారు. వాన్ స్లోన్ ఖాళీ చేసిన చోట నిలబడ్డారు.

బుర్రకథ_బుల్లెబ్బాయి

పాతరీలు గారు అసలు సంగతి ముట్టుకున్నారు. మా తాతగారి ఊళ్లో తోలుబొమ్మలాట చూసినవాడిగా చెబుతున్నాను. రావణుడి కొలువు నడుస్తూ ఉంటుంది, వెనక దీపాలు ఊగుతూ ఉంటాయి, తెర మీద పది తలలు కదులుతుంటే పిల్లలం ఒకరి మీద ఒకరం పడి ఉండేవాళ్లం. సరిగ్గా అప్పుడే కేతిగాడూ బంగారక్కా ఊడిపడి, రామాయణంతో ఏ సంబంధమూ లేని మాటలు, ఊరి మునసబు మీద వెటకారాలు, పెద్దలు పిల్లల చెవులు మూయవలసిన సరసాలు మొదలుపెట్టేవారు. ఎవరూ వాళ్లని కథకు అడ్డం అనుకోలేదు. తెల్లవార్లూ జరిగే ఆటలో కేతిగాడు రాకపోతే సగం ఊరు నిద్రపోయేది, మిగతా సగం భయపడి ఇంటికి వెళ్లిపోయేది. బుర్రకథలో కూడా కథకుడి పక్కన హాస్యం చెప్పేవాడు ఒకడు ఉండి తీరాలి.

స్వెన్‌గూలీ నాకు కొత్త మనిషిలా కనిపించలేదు. టోపీ పెట్టుకున్న కేతిగాడిలా కనిపించాడు.

మసకవెలుతురు

పోలిక బాగుంది, ఒక్క సవరణ. మన తోలుబొమ్మలు నీడబొమ్మలే అయినా నలుపు తెలుపు కావు. తోలును పలచగా గీకి, ఎరుపు, ఆకుపచ్చ అద్ది, రంగు కాంతి తెర మీద పడేలా చేస్తారు.

బుర్రకథ_బుల్లెబ్బాయి

ఒప్పుకున్నాను. రంగుల నీడలని చదువుకోండి. కేతిగాడిని మాత్రం వదులుకోను.

అర్ధరాత్రి_ఆండాళ్లు

ఇందాకటి నుంచి అందరూ మగ దెయ్యాల గురించే మాట్లాడుతున్నారు. ఈ వరుసలో ముందు నిలిచింది ఒక ఆడమనిషి. షాక్ కట్ట రావడానికి మూడేళ్ల ముందే, 1954లో, లాస్ ఏంజిలస్‌లో మైలా నుర్మీ అనే నటి వాంపైరా పేరుతో వచ్చింది. బిగుతైన నల్ల గౌను, విల్లులా వంచిన కనుబొమలు, పొడవాటి గోళ్లు. పొగ నిండిన నడవలోంచి కెమెరా వైపు మెల్లగా నడుచుకుంటూ వచ్చి, దగ్గరికి రాగానే కెవ్వున అరిచి, ఆ పైన ఎంతో హాయిగా ఉన్నట్లు చిన్నగా నవ్వేది. ఆమె దగ్గర ఉన్నవి యూనివర్సల్ వారి మేలిమి చిత్రాలు కావు, చవకబారు సినిమాలు. జనం చూసింది ఆమెను. ప్రదర్శన ఏడాది ఆడి, 1955లో ఆగిపోయింది.

అదంతా ప్రత్యక్ష ప్రసారం కాబట్టి ఇప్పుడు మిగిలినవి కొన్ని ముక్కలు మాత్రమే. అయినా 1981లో అదే ఊళ్లో ఎల్వీరాగా వచ్చిన కసాండ్రా పీటర్సన్‌ను చూసినా, ప్రతి అక్టోబరులో నల్ల గౌనుతో పార్టీకి వెళ్లే మా ఆఫీసు అమ్మాయిలను చూసినా ఆ నడక కనిపిస్తూనే ఉంటుంది.

సందేహాల_సావిత్రి

ఇన్ని చదివాక నా మొదటి మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను, అందరి ముందూ. ఒక ప్రశ్న మాత్రం మిగిలింది. మాయాబజార్‌కు 2010లో రంగులద్దితే జనం సంతోషంగా చూశారు, నేనూ చూశాను. ఈ దెయ్యాల సినిమాలకు రంగులద్దితే తప్పేమిటి?

మసకవెలుతురు

మాయాబజార్‌లో మనకు అన్నీ కనిపించాలి, లడ్డూలు, గారెలు, నగలు, తివాచీలు. అక్కడ ఆనందం చూడటంలో ఉంది. ఇక్కడ కనిపించకపోవడంలో ఉంది. 1942లో వచ్చిన పిల్లి మనుషుల చిత్రంలో ఒక అమ్మాయి రాత్రి వేళ ఈతకొలనులో ఒంటరిగా ఉంటుంది. గోడల మీద నీటి వెలుగు అలలుగా కదులుతుంది, ఎక్కడో ఒక గుర్రుమనే శబ్దం, ఒక నీడ. మృగం వచ్చిందో రాలేదో కచ్చితంగా చెప్పలేం. నిర్మాత వాల్ ల్యూటన్‌కు ఇచ్చిన బడ్జెట్‌లో అంతకంటే చూపించడం కుదరదు కూడా. ఆ నీటికి నీలం రంగు వేస్తే అది హోటల్ ఈతకొలను అవుతుంది.

క్లీవ్‌లాండ్_డాక్టరు

కనిపించకపోవడం అంటే ఒకటి గుర్తొచ్చింది. ఫ్రాంకెన్‌స్టైన్‌లో కొలను ఒడ్డున మరియా అనే చిన్నపిల్ల ఆ జీవికి పూలు ఇస్తుంది. ఇద్దరూ ఒక్కొక్కటే నీళ్లలో వేస్తారు, అవి తేలుతుంటే అతడు మురిసిపోతాడు. పూలు అయిపోతాయి. అప్పుడు ఆ పిల్లను కూడా పువ్వులాగే తేలుతుందనుకుని నీళ్లలోకి విసురుతాడు. ఆ విసరడాన్ని సెన్సారు కత్తిరించింది. చాలా ఏళ్లు ప్రేక్షకులు చూసింది ఆమె వైపు చాచిన చేతులు, ఆ వెంటనే తండ్రి చేతుల్లో శవం. నేను క్లీవ్‌లాండ్‌లో చూసింది ఆ కత్తిరించిన ప్రతినే, మధ్యలో ఏం జరిగిందో నా మనసు ఎంతో ఘోరంగా పూరించుకుంది. 1980లలో ఆ ముక్కను తిరిగి చేర్చాక చూస్తే భయం పోయి జాలి మిగిలింది. ఏది మెరుగో నేటికీ తేల్చుకోలేదు.

అడ్డొస్తే_ఊరుకోను

చేర్చిన ప్రతే మెరుగు. ఇందులో తేల్చుకోవడానికి ఏముంది? వాన్ స్లోన్ విషయంలో మాత్రం పాతరీలు గారిదే పైచేయి అని ఒప్పుకుంటున్నాను. రబ్బరు కోడి విషయంలో కాదు.

పాతరీలు

అయితే మీకు ఇంకొక్కటి. ఇప్పటి స్వెన్‌గూలీ రిచ్ కోజ్. 1970లో ఆ వేషం మొదలుపెట్టింది జెర్రీ బిషప్. కోజ్ అప్పుడు ఆ కార్యక్రమానికి జోకులు రాసి పోస్టులో పంపిన ప్రేక్షకుడు. 1979లో స్వెన్‌గూలీ కొడుకు అనే వేషంతో తెర మీదికి వచ్చి, 1990లలో ఆ టోపీ తానే పెట్టుకున్నారు. 2011 నుంచి దేశమంతా చూస్తోంది. ఇప్పటికీ ఆయన ప్రేక్షకుల ఉత్తరాలు చదువుతారు, చిత్రంలో రెండు క్షణాలు కనిపించే గుమాస్తా వేషధారి కూడా ఇంకా ఏయే సినిమాల్లో చేశాడో చెబుతారు. మీరు కోరిన గౌరవం అక్కడే ఉంది, కోళ్ల మధ్య వెతుక్కోవాలి.

నేపర్‌విల్_నాగమణి

ఈ శనివారం మా ఇంట్లో డాక్టరు గారు చెప్పిన ఫ్రాంకెన్‌స్టైన్ పెట్టుకున్నాం, డిస్కు మీద, పూర్తి ప్రతి. అడ్డొస్తే ఊరుకోను గారి మాట మన్నించి దీపాలు ఆర్పేసి, మధ్యలో ఆపకుండా చూశాం. పూలు అయిపోయిన చోట అబ్బాయి ఊపిరి బిగబట్టడం నాకు వినిపించింది. అమ్మాయి నా ఒళ్లోకి వచ్చేసింది. పిల్ల నీళ్లలో పడ్డాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు నాన్నగారు మెల్లగా, "వాడికి పూలు అయిపోయాయి, అంతే కదమ్మా," అన్నారు. చీకట్లో నాకు ఏడుపు వచ్చింది, ఒప్పుకుంటున్నాను.

సినిమా ముగిసి దీపం వేశాక అమ్మాయి పడుకోనని మొండికేసింది. ఆయన లేచి, వంటింట్లో వేలాడుతున్న నల్ల గుడ్డ సంచి నెత్తిన పెట్టుకుని వచ్చి, తెనాలి పక్క ఊళ్ల మీద నేను ఇక్కడ రాయలేని జోకులు నాలుగు చెప్పారు. అమ్మాయి సోఫా మీది దిండ్లన్నీ తీసి ఆయన మీదికి విసిరింది. పది నిమిషాల్లో నిద్రపోయింది.

వచ్చే నెల ఆయన తిరుగు ప్రయాణం. ఒక రబ్బరు కోడి కొనిపెట్టమంటున్నారు. ఒక్కొక్క పెట్టెలో 23 కిలోలకు మించకూడదు, ఊరగాయ సీసాలు ఇచ్చేసి వెళ్తున్నారు కాబట్టి చోటుకు ఇబ్బంది లేదు. హైదరాబాదు విమానాశ్రయంలో పెట్టె తెరిస్తే ఏమని చెప్పాలో మాత్రం ఎవరైనా చెప్పండి.

బందరు_బాబు

నాటుకోడి కాదని చెప్పమనండి.